ఇన్సులిన్ సీసా ఖాళీ కారాదు – పంచాయతీల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యాధికారి చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమునకు బాట వేయించుట, వీధి దీపములు వెలిగించుట, మంచినీటి కుళాయిలు పెట్టించుట మీరు ఎరిగిన పనులు. వాటిని గూర్చి మాటలాడుటకు నాకంటె అనుభవజ్ఞులు ఈ సభలోనే కలరు. నేను ఈనాడు మీ ముందు ఉంచదలచినది అరచేతిలో ఇమిడిపోవు ఒక గాజు సీసాను గూర్చిన సంగతి. అందులో 10 మిల్లీలీటర్ల ఇన్సులిన్ మందు ఉండును. మీ గ్రామములో కొందరి ప్రాణము ఆ సీసాపై ఆధారపడి ఉన్నది. వారెవరో, ఎందరో, వారి సీసాలో ఇంకను ఎన్ని దినములకు సరిపడు మందు మిగిలి ఉన్నదో మీలో ఎందరికి తెలియును? తెలియకపోవుట మీ దోషమని నేననను. ఇంతవరకు ఎవరును మిమ్ము ఈ ప్రశ్న అడుగలేదు. ఇకమీదట మీరే ఈ ప్రశ్నను గ్రామములో అడుగవలెనని చెప్పుటకే నేను వచ్చితిని.

వ్యాధి స్వరూపము

మనము తిను అన్నము, రొట్టె, గంజి కడుపులో జీర్ణమై చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను రక్తము నుండి కండరములకు చేర్చుటకు ఇన్సులిన్ అను రసము అవసరము. కడుపు వెనుక భాగమున ఉండు క్లోమము అను గ్రంథి దీనిని తయారు చేయును. ఈ రసము లోపించినప్పుడు, లేక ఉన్నను సరిగా పనిచేయనప్పుడు, చక్కెర రక్తములోనే నిలిచిపోవును. దీనినే మధుమేహమని వైద్యులును, చక్కెర వ్యాధి, షుగరు జబ్బు అని ప్రజలును అందురు.

2023వ సంవత్సరములో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనము ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి కలదు. పల్లెలలో వయోజనులలో నూటికి దాదాపు 9 మంది దీని పాలబడినారు. కనుక ఇది పట్టణములలోని ధనికుల జబ్బు అను పాతమాటను మనము విడిచిపెట్టవలెను.

వీరిలో అధిక సంఖ్యాకులకు మాత్రలు, ఆహార నియమములు చాలును. కాని రెండు తరగతుల వారికి ఇన్సులిన్ సూదిమందు తప్పనిసరి. మొదటి తరగతి వారు క్లోమములో ఇన్సులిన్ తయారగుట దాదాపుగా నిలిచిపోయినవారు. వీరిలో పెక్కుమంది పిల్లలు, యువకులు. దీనిని మొదటి రకము మధుమేహమని పిలుతురు. వీరికి ఇన్సులిన్ అన్నము వంటిది, నీరు వంటిది. కొద్ది దినములు ఆగినను ప్రాణము దక్కదు. రెండవ తరగతి వారు ఏండ్ల తరబడి మాత్రలు వాడి, అవి చాలక సూదిమందుకు వచ్చిన పెద్దవారు.

ఈ మందు పుట్టి నూరేండ్లు దాటినది. 1921లో కెనడా దేశమందలి టొరాంటో నగరములో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అను వారు ఆచార్య మెక్లియోడ్ ప్రయోగశాలలో దీనిని కనుగొనిరి. కోలిప్ అను శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధి చేసెను. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటి సూది వేసిరి. మరణమునకు చేరువైన ఆ బాలుడు కోలుకొనెను. అంతకు పూర్వము ఈ జబ్బు సోకిన బిడ్డలను పస్తులు ఉంచి కొంతకాలము బ్రతికించుట తప్ప వైద్యులకు వేరు మార్గము లేకుండెను. కనుగొన్నవారు తమ హక్కులను ఒక్కొక్కరు ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి. మందు అందరికిని అందవలెనని వారి ఆశయము.

ఒక తల్లి చేసిన పొదుపు

కొన్ని ఏండ్ల క్రిందట నా యెదుట జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. ఏడవ తరగతి చదువుచున్న ఒక బాలికకు మొదటి రకము మధుమేహము ఉండెను. తండ్రి లేడు. తల్లి మిరప కోతలకు కూలికి పోయి సంసారము నడుపుచుండెను. బిడ్డకు దినమునకు రెండు పూటలు కలిపి 20 యూనిట్ల ఇన్సులిన్ కావలెను. సంక్రాంతి ముందు సీసా అడుగంటుచున్నదని గుర్తించి ఆ తల్లి మా ఆరోగ్య కేంద్రమునకు వచ్చెను. ఆ దినమున మా వద్ద నిల్వ లేదు. వచ్చే వారము రమ్మని చెప్పి పంపినవారిలో నేనును ఒకడను.

పట్టణమునకు పోయి కొనుటకు బస్సు ఛార్జీ, మందు ఖర్చు, ఒక దినపు కూలి – ఈ మూడును పోవును. పండుగ వెళ్ళువరకు ఎట్లో గడుపుదమని ఆమె 20 యూనిట్లకు బదులు 10 యూనిట్లు వేయసాగెను. మూడవ నాటికి బిడ్డకు దాహము, మాటిమాటికి మూత్రము ఆరంభమయ్యెను. నాలుగవ నాడు వాంతులు, కడుపునొప్పి వచ్చెను. ఊరిలో వైద్యము చేయు ఒకరు చూచి నీరసమని తలచి గ్లూకోజు సీసా ఎక్కించిరి. రక్తములో చక్కెర పొంగి పొరలుచున్న బిడ్డకు మరికొంత చక్కెర ఎక్కినది. రాత్రికి ఆ బాలిక బరువుగా, లోతుగా ఊపిరి తీయుచు, పిలిచిన పలుకని స్థితిలో మా వద్దకు వచ్చెను. జిల్లా ఆసుపత్రికి తరలించితిమి. దైవవశమున బిడ్డ బ్రతికి బయటపడెను.

తరువాత నేను ఆ తల్లిని, "అమ్మా, మందు ఎందుకు తగ్గించితివి?" అని అడిగితిని. "నేను మందు మానలేదు బాబూ, పొదుపు చేసినాను" అని ఆమె బదులు చెప్పెను.

ఆ మాట నేను ఈనాటికిని మరువలేదు. ఉప్పు, పప్పు, కిరసనాయిలు పొదుపు చేసి బిడ్డను పెంచిన తల్లి ఆమె. మందును కూడ అట్లే పొదుపు చేసినది. ఆమెకు తెలియని ఒక్క సంగతి ఏమనగా, ఇన్సులిన్ విషయములో పొదుపు లేదు. ఆమెకు తెలిసియు చేయగలిగినది లేకపోయినది మరియొకటి: సీసా దొరకుట. మొదటిది చెప్పవలసినవాడను నేను. రెండవది మనమందరము కలసి చేయవలసినది.

సీసా లెక్క

పంచాయతీ సభ్యులు ఈ లెక్కను కంఠస్థము చేసికొనవలెను. మన ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణముగ దొరకు సీసాపై "40" అను అంకె ఉండును. అనగా ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. సీసా 10 మిల్లీలీటర్లు గనుక మొత్తము 400 యూనిట్లు.

దినమునకు 30 యూనిట్లు వాడువానికి ఒక సీసా 13 దినములు వచ్చును. నెలకు 900 యూనిట్లు కావలెను గనుక మూడు సీసాలు ఇవ్వవలెను. 24 యూనిట్లు వాడువారికి నెలకు 720 యూనిట్లు, అనగా రెండు సీసాలు. 12 యూనిట్లు వాడు చిన్న బిడ్డకు ఒక సీసా 33 దినములు రావలెను గాని, తెరచిన సీసాను సుమారు 28 దినములకు మించి వాడరాదు. మిగిలిన కొద్దిపాటి మందును పారవేసి క్రొత్త సీసా తెరువవలెను.

గ్రామములో ఈ ముగ్గురే ఉన్నారని అనుకొనుడు. నెలకు ఆరు సీసాలు. ఒక్కొక్కరికి ఒక సీసా చొప్పున ముందు జాగ్రత్తగా మరి మూడు. మొత్తము తొమ్మిది. మన పాల కేంద్రపు లెక్కకంటె, ఎరువుల లెక్కకంటె ఇది కష్టమైనది కాదు. అయితే ఇన్సులిన్‌లో రకములు కలవు. నీటివలె తేటగా ఉండి త్వరగా పనిచేయునది ఒకటి, తెల్లగా మబ్బుగా ఉండి నిదానముగ పనిచేయునది ఒకటి, ఈ రెండును 30, 70 పాళ్ళలో కలిపినది మరియొకటి. ఒకరిది మరియొకరికి పనికిరాదు. కనుక ఎవరికి ఏ రకమో లెక్కలో స్పష్టముగ వ్రాయవలెను.

ప్రతి ఇంటికిని నేను చెప్పు సూత్రము ఒక్కటే: తెరచినది ఒకటి, తెరువనిది ఒకటి. రెండవ సీసా మూత తీసిన నాడే మూడవదానికై కబురు పంపవలెను. సీసా అడుగంటిన పిమ్మట బయలుదేరుట, ఇల్లు అంటుకొనిన పిమ్మట బావి త్రవ్వుట వంటిది.

ఎండ నుండి కాపాడుట

ఇన్సులిన్ సున్నితమైన మందు. తెరువని సీసాను 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో నిల్వ ఉంచవలెను. వాడుచున్న సీసా నీడపట్టున 25 మొదలు 30 డిగ్రీలలోపు ఉన్నచో సుమారు నాలుగు వారములు చెడదు. మన రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుట మీరెరుగుదురు. రేకుల ఇంటిలో, పొయ్యి గట్టుమీద, సూర్యరశ్మి పడు కిటికీలో, సైకిలుకు తగిలించిన సంచిలో ఉంచిన మందు తన శక్తిని కోల్పోవును. రోగి మోతాదు తప్పక వేసికొనుచునే ఉండును, చక్కెర మాత్రము దిగదు.

ఫ్రిజ్జు లేని ఇంటికి మన కుమ్మరి చేసిన కుండయే ఫ్రిజ్జు. ఒక పెద్ద మట్టికుండలో ఇసుక పోసి, ఆ ఇసుకలో చిన్న కుండను కూర్చుండబెట్టి, ఇసుకను ఉదయము, సాయంత్రము నీటితో తడుపుచుండవలెను. సీసాను నీరు చొరని డబ్బాలో పెట్టి మూత బిగించి చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పవలెను. గాలి తగులు నీడలో ఈ కుండను ఉంచినచో లోపల బయటికంటె చల్లగా ఉండును. పొడి వేడిమి గల దినములలో ఇది బాగుగా పనిచేయును. గాలిలో తేమ ఎక్కువగా ఉండు కోస్తా ప్రాంతములలో, వానకాలములో దీని ప్రభావము తగ్గును.

2021లో సరిహద్దులు లేని వైద్యులు అను సంస్థవారును, జెనీవా విశ్వవిద్యాలయము వారును ఒక పరిశోధన ప్రకటించిరి. కెన్యా దేశములోని శరణార్థుల శిబిరమునందలి గుడిసెలలో వేడిమిని కొలిచి, అట్టి 25 మొదలు 37 డిగ్రీల హెచ్చుతగ్గులలో నాలుగు వారములు ఉంచినను ఇన్సులిన్ శక్తి తగ్గలేదని వారు తేల్చిరి. ఫ్రిజ్జు లేదను కారణముచేత పేదవానికి ఇన్సులిన్ నిరాకరింపరాదని దీనివలన మనకు తెలియుచున్నది. అయితే 45 డిగ్రీల ఎండకు ఇది అనుమతి కాదు. కుండ తప్పదు.

ఫ్రిజ్జు ఉన్నవారికి ఒక హెచ్చరిక. మంచు గడ్డకట్టు అరలో ఇన్సులిన్ పెట్టరాదు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినను పనికిరాదు. తేట మందు మబ్బుగా మారినను, తెల్ల మందును అరచేతుల మధ్య మెల్లగా దొర్లించిన తరువాత కూడ గడ్డలు గడ్డలుగా నిలిచినను దానిని వాడరాదు. చెడిన మందు కొన్ని సమయములలో చూపునకు మంచిదానివలెనే ఉండును. కారణము లేకుండ చక్కెర పెరిగినచో సీసాను మార్చి చూడవలెను.

సూది రంగు

చదువు వచ్చినవారు కూడ పొరబడు విషయము ఒకటి కలదు. "40" అను సీసాకు ఎర్ర మూత సిరంజి వాడవలెను. "100" అను సీసాకు నారింజ రంగు మూత సిరంజి వాడవలెను. ఇవి ఒకదానికొకటి మారరాదు. పట్టణములోనున్న కుమారుడు ప్రేమతో "100" సీసా కొని పంపెననుకొనుడు. ఇంటిలోనున్న ఎర్ర మూత సిరంజితో 20 గీతల వరకు తీసినచో శరీరములోనికి పోవునది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. అది ప్రాణాంతకము. నారింజ సిరంజితో "40" మందు 20 గీతలు తీసినచో 8 యూనిట్లే పోవును. కనుక సీసా, సిరంజి రెండును ఎదురెదురుగ పెట్టి అంకెలు సరిచూచిన పిమ్మటనే మందు తీయవలెను.

సూది ఒక్కసారి వాడి పారవేయుట నియమము. లేమివలన కొందరు మరల వాడుచున్నారని నాకు తెలియును. ఎట్టి పరిస్థితిలోను ఒకరి సూది మరియొకరు, తల్లి సూది బిడ్డ అయినను, వాడరాదు. పొట్టమీద, తొడమీద దినమునకొక చోట మార్చి వేసికొనవలెను. ఒకే చోట వేసినచో అచ్చట చర్మము గట్టిపడి మందు సరిగా ఎక్కదు. వాడిన సూదులను పెంటకుప్పలో పారవేయక, దళసరి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి ఆరోగ్య కార్యకర్తకు అప్పగించవలెను. చెత్త ఏరువాని చేతికి గ్రుచ్చుకొనిన సూది మన ఊరి దోషమే.

చక్కెర పడిపోవుట

ఇన్సులిన్ తగ్గినచో ఒక అపాయము. ఇన్సులిన్ వేసికొని అన్నము తినకపోయినచో మరియొక అపాయము. ఇది నిమిషముల మీద వచ్చును. రక్తములో చక్కెర 70కి దిగువన పడినప్పుడు చెమటలు పట్టును, చేతులు వణకును, ఆకలి, గుండెదడ కలుగును, మాట తడబడును, చూపు మసకబారును. తరువాత స్మారకము తప్పును.

ఒక ఊరిలో నాట్ల కాలమున ఒక పెద్దరైతు గట్టుమీద తూలుచు పొంతన లేని మాటలాడుచుండెను. త్రాగి ఉన్నాడని తలచి దారిన పోవువారు నవ్వి పోయిరి. ఉదయము సూది వేసికొని, నీరు వదలు వంతు వచ్చినదని అన్నము తినకయే పొలమునకు పరుగెత్తిన మనిషి ఆయన. ఆ దారిన వచ్చిన ఆశా కార్యకర్త ఆయనను గుర్తుపట్టి, తన సంచిలోని చక్కెర నీటిలో కలిపి త్రాగించినది. పావుగంటలో ఆయన లేచి కూర్చుండెను. ఆమె ఆ దారిన రాకున్నచో ఏమగునో ఊహించుకొనుడు.

చికిత్స అందరికిని తెలియవలెను. మనిషి మింగగల స్థితిలో ఉన్నచో మూడు చిన్న చెంచాల చక్కెర గాని గ్లూకోజు పొడి గాని నీటిలో కలిపి ఇవ్వవలెను. 15 నిమిషములకు తేరుకొననిచో మరల ఇవ్వవలెను. తేరుకొనిన పిమ్మట తప్పక భోజనము పెట్టవలెను. స్మారకము లేనివాని నోటిలో ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి 108కి ఫోను చేయవలెను. ఇన్సులిన్ వాడు ప్రతివారును చొక్కా జేబులోనో, కొంగు ముడిలోనో చక్కెర పొట్లము లేకుండ గడప దాటరాదు.

ఆహారము, పని

పేదవానికి పండ్ల జాబితాలు, ఖరీదైన పొడులు చెప్పి ప్రయోజనము లేదు. ఇంటిలో ఉండు ఆహారమునే క్రమముగా, కొలతగా తినవలెను. అన్నమునకు ఒక గిన్నె నియమించుకొని ప్రతిపూట అదే గిన్నెతో కొలిచి తినుట సులభమైన మార్గము. ఆకుకూర, కాయగూర, పప్పు పాలు పెంచవలెను. రాగి, జొన్న మంచివే గాని వాటిలోను పిండిపదార్థము కలదు. రాగిసంకటి ఎంత తిన్నను దోషము లేదను నమ్మకము సరికాదు.

సూదికిని, భోజనమునకును గల వ్యవధి తప్పరాదు. తేట మందు వేసికొనిన అరగంటకు భోజనము చేయవలెను. అన్నము వండక ముందే సూది వేసికొనరాదు. ఎక్కువ శ్రమ చేయు దినమున పనికి ముందు కొంత తినవలెను. ఏకాదశి, శివరాత్రి ఉపవాసములు గాని రంజాను ఉపవాసములు గాని ఉండదలచినవారు ముందుగా వైద్యుని అడుగవలెను. జ్వరము, వాంతులు వచ్చినప్పుడు "అన్నము తినలేదు గదా" అని ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. నీరు త్రాగుచు వెంటనే ఆసుపత్రికి రావలెను. మోతాదు మార్చుట వైద్యుని పని.

పాదములకు చెప్పులు లేకుండ పొలమునకు పోరాదు. రాత్రి పడుకొనుటకు ముందు అరికాళ్ళు చూచుకొనవలెను. ముల్లు గ్రుచ్చుకొనినను తెలియని కాలు చివరకు తీసివేయవలసిన కాలగును. ఏటా ఒకసారి కన్నులు, మూత్రము పరీక్ష చేయించుకొనవలెను.

ఇన్సులిన్ ఒకసారి మొదలుపెట్టినచో వ్యసనమగునని కొందరు భయపెట్టుదురు. అన్నము వ్యసనము కానట్లే ఇదియు వ్యసనము కాదు. ఆకు పసరులతో జబ్బును కుదుర్చెదను, సూదులు మానుమని చెప్పువారు ఊరికి వచ్చినప్పుడు, మొదటి రకము మధుమేహమున్న బిడ్డ తల్లిదండ్రులను మీరు స్వయముగ పోయి హెచ్చరించవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు. కనుక ఇది మీరు దయతో చేయు పని కాదు, మీ పరిధిలోని పని. ఇన్సులిన్ జాతీయ అత్యవసర ఔషధముల జాబితాలో ఉన్నది. లేదని చెప్పినప్పుడు ఎందుకు లేదని అడుగు హక్కు మీకు కలదు. నన్ను కూడ అడుగుడు.

మొదటి పని పట్టిక. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. సహాయముతో గ్రామములో ఇన్సులిన్ వాడువారి పేరు, రకము, దినపు మోతాదు, సీసా ఎన్నడు ముగియునో వ్రాయించవలెను. ఈ పట్టికను గ్రామసభలో చదువరాదు, గోడకు అంటించరాదు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంటివారు జబ్బును దాచుదురు. వారి మానమునకు భంగము కలిగినచో మరునాటి నుండి మందు కొరకు కూడ రారు. పట్టిక ఆరోగ్య కార్యకర్త వద్దనే ఉండవలెను. మీకు కావలసినది సంఖ్య మాత్రమే.

రెండవది నెలసరి ఇండెంటు. ఆ సంఖ్యను ప్రతి నెల ఒక నియమిత దినమున ఆరోగ్య కేంద్రమునకు వ్రాతపూర్వకముగ పంపి, అందినట్లు సంతకము తీసికొనవలెను. నోటిమాటగా అడిగినది మరుగున పడును. కాగితము మీద అడిగినది జిల్లా వరకు పోవును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘ సమావేశములో దీనిని ప్రతి నెల చర్చించవలెను.

మూడవది రవాణా. పది ఇండ్లవారు పది దినముల కూలి పోగొట్టుకొని పోవుటకంటె, అందరి చీటీలు తీసికొని ఒకరు పోయి, చల్లని డబ్బాలో మందు తెచ్చుట మేలు.

నాలుగవది నిల్వ. కుండలు చేయించి ఇచ్చుటకు పెద్ద ఖర్చు కాదు. ఊరిలో ఫ్రిజ్జు ఉన్న ఇండ్లు ఉండవచ్చును గాని, ఆ గడప తొక్కుటకు సంకోచించువారు మన గ్రామములలో ఉన్నారని మీకు నేను చెప్పనవసరము లేదు. ఆరోగ్య ఉపకేంద్రములోనో, పంచాయతీ కార్యాలయములోనో అందరికిని చెందిన ఫ్రిజ్జు ఒకటి ఉన్నచో ఎవరును ఎవరి యెదుటను తలవంచుకొనవలసిన పని ఉండదు. గ్రామ అభివృద్ధి ప్రణాళికలో దీనిని చేర్చుడు.

ఐదవది బడి, పని చోటు. ఇన్సులిన్ వాడు బిడ్డ తరగతి మధ్యలో తినుటకు, నీరు త్రాగుటకు, బయటికి పోవుటకు ఉపాధ్యాయులు అనుమతించునట్లు చూడవలెను. బడిలోను, కూలిపని జరుగు చోటను ఒక డబ్బాలో చక్కెర ఉంచవలెను.

ఆరవది రాత్రివేళ ప్రయాణము. 108 వాహనము వచ్చులోపల ఆలస్యమగునప్పుడు ఎవరి ఆటో, ఎవరి కారు బయలుదేరునో ముందుగానే నిర్ణయించి, ఆ ఫోను నంబరు ప్రతి వార్డులోను తెలియజేయవలెను.

నేను చెప్పిన బాలిక ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుచున్నది. తన సూది తానే వేసికొనును, సీసా మీద తెరచిన తేదీ తానే వ్రాసికొనును. ఆమె ఊరి పంచాయతీవారు ఇప్పుడు ప్రతి నెల 5వ తేదీన మాకు కాగితము పంపుచున్నారు. ఒక నెల అది రెండు దినములు ఆలస్యమైనప్పుడు నేనే ఫోను చేసి అడిగితిని. ఆ తల్లికి మరల పొదుపు చేయవలసిన అవసరము రాలేదు.

మీరు ఈ సభ ముగించుకొని ఊరు చేరిన పిమ్మట, రేపు ఉదయము మీ వార్డులోని ఆశా కార్యకర్తను కలిసి ఒక్క ప్రశ్న అడుగుడు: "అమ్మా, మన ఊరిలో ఇన్సులిన్ వాడువారు ఎందరు? వారి సీసాలు ఎన్నడు ఖాళీ అగును?" తక్కిన పనులన్నియు ఆ ప్రశ్న నుండియే మొదలగును.